వంకర కాళ్లకు పడుకోబెట్టి ఎక్స్‌రే తీయొద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో వంకర కాళ్లు కొత్త సంగతి కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, సంతోషం. కానీ అప్పటికే వంగిన ఎముక నీళ్లు మారినంత మాత్రాన చక్కబడదు. ఆ కాలికి ఆపరేషన్ కావాలా, వంకర ఇంకా ముదురుతోందా అన్నది తేల్చేటప్పుడు డాక్టర్లు ఎక్స్‌రే మీద కోణం కొలుస్తారు. ఆ ఎక్స్‌రే తీసే తీరు గురించే ఈ ఉత్తరం. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి.

మన దగ్గర చాలా చోట్ల మోకాలి ఎక్స్‌రే అంటే మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి మట్టుకు చిన్న ఫిల్ము తీసి పంపడమే. విరిగిన ఎముక చూడటానికి అది చాలు. వంకర కొలవడానికి చాలదు. పడుకుంటే ఒంటి బరువు మోకాలి మీద పడదు. నిలబడినప్పుడు కీలు ఎంత పక్కకు ఒరుగుతుందో అందులో తెలియదు.

అసలు కొలవాల్సింది తుంటి గుండు నడిమధ్య నుంచి చీలమండ నడిమధ్యకు గీసిన గీత మోకాలిని ఎక్కడ దాటుతోందని. తిన్నని కాలిలో అది మోకాలి నడుమకు దగ్గరగా, కొద్దిగా లోపలి పక్కన పోతుంది. చిన్న ఫిల్ములో తుంటీ ఉండదు, చీలమండా ఉండదు. కనబడని ఎముక తిన్నగానే ఉందనుకుని లెక్క కడతారు. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు), రికెట్స్ (పిల్లల్లో ఎముకలు మెత్తబడే జబ్బు) వచ్చిన కాళ్లలో తొడ ఎముక, కింది ఎముక నిడివిలోనే విల్లులా వంగి ఉండొచ్చు. అంటే మన జిల్లాలో ఈ కొలత ఎవరికి ఎక్కువ అవసరమో, వాళ్ల దగ్గరే చిన్న ఫిల్ము ఎక్కువ తప్పు చెబుతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

నిలబెట్టి తీసినా మోకాలి చిప్ప కెమెరాకు ఎదురుగా ఉండాలి. పాదాలు ఎదురుగా పెట్టించడం కాదు. కింది ఎముక మెలితిరిగిన మనిషికి పాదాలు సరిచేస్తే చిప్ప పక్కకు పోతుంది. మోకాలు పూర్తిగా చాపలేని వాళ్లలో, మా వైపు అలాంటివాళ్లు తక్కువేం కాదు, కాలు కాస్త తిరిగినా లేని వంకర కనబడుతుంది, ఉన్న వంకర దాగుతుంది. ఒకే పాపకు కొన్ని నెలల తేడాతో తీసిన రెండు ఫిల్ములు నేను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో చిప్ప మధ్యలో ఉంది, రెండోదాంట్లో పక్కకు జరిగి ఉంది. వంకర ముదిరిందని ఇంటివాళ్లకు చెప్పారు. ఆ తల్లి పడిన టెన్షన్ చూడలేకపోయాను. పిల్లల్లో రెండేళ్ల దాకా కాళ్లు బయటికి, మూడు నాలుగేళ్లకు లోపలికి వంగి, ఏడేళ్లకల్లా చాలావరకు సర్దుకుంటాయి. కాబట్టి వాళ్లకు ఒక్క ఫిల్ము కన్నా పాతదీ కొత్తదీ పోల్చడమే ముఖ్యం. రెండూ ఒకే తీరున తీయకపోతే ఆ పోలికకు విలువ లేదు.

సక్రమంగా తీసిన ఫిల్మునే ఇద్దరు కొలిస్తే కూడా కొంత తేడా వస్తుంది. ఉదాహరణకు, వెన్ను వంకరకు కొలిచే కాబ్ కోణంలో ఐదు డిగ్రీల లోపు తేడాను కొలతలో వచ్చే తేడాగానే చూస్తారు. ఇక ఫిల్మును కిటికీకి ఆనించి, ఏటవాలుగా ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే కోణమే మారిపోతుంది. దాని మీద స్కేలు పెట్టి కొలవడం ఆపాలి.

వికలాంగుల సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపులో వైకల్యం శాతం ఒక్క ఎక్స్‌రేతోనే తేలదు, కీలు కదలిక, కండ బలం కూడా చూస్తారు. అయినా 40 శాతం అంచున ఉన్న మనిషికి చేతిలోని ప్రతి కాగితమూ ముఖ్యమే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఎక్స్‌రే తీసే ఏర్పాటు ఉంటే, ఏ రోజుల్లో తీస్తారో ఆశా కార్యకర్తల ద్వారా ఊళ్లకు తెలపాలి. లేకపోతే వెంటనే పెట్టాలి. ప్రతి రిపోర్టు మీద నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా, చిప్ప ఎటు ఉంది, ఎవరు కొలిచారు అన్నది రాయాలి. ఇలా రాయడానికి కొత్త మిషన్ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్ రాసే ముందు ఇద్దరు విడివిడిగా కొలవాలి. ఫిల్ము గానీ సీడీ గానీ రోగి చేతికి ఇవ్వాలి. జిల్లా వైద్య అధికారులు దీని మీద ఒక ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎక్స్‌రే టెక్నీషియన్,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా