తాతయ్య చలివేంద్రం ఈ ఏడూ పెట్టాలి

హైదరాబాద్,
శివరాత్రి మర్నాడు.

చిన్నా,

నీ ఉత్తరం అందింది. నానమ్మ గారు మళ్లీ కాస్త వేళకి అన్నం తింటున్నారని చదివాక మనసు కుదుటపడింది. ఇక నువ్వు అడిగిన మాట. తాతయ్య పోయి ఏడాది నిండలేదు, ఇంట్లో ఏటి సూతకం కదా, ఆయన చలివేంద్రం ఈ ఎండాకాలం పెట్టొచ్చా, మానుకోవాలా అన్నావు. పెట్టాల్సిందేరా. మాసికాలతో పాటు సోదకుంభం ఇస్తూనే ఉన్నారుగా, అది నీళ్లు నింపిన కుండ దానమే. వైశాఖంలో ధర్మఘటమని మళ్లీ విడిగా ఇస్తారు. పోయినాయన పేర కుండెడు నీళ్లు ఇవ్వమని శాస్త్రమే చెబుతుంటే, దాహమన్నవాడికి పోయడానికి సూతకం ఎలా అడ్డొస్తుంది? అయినా మీ పురోహితుల వారిని ఓ మాట అడుగు, నానమ్మ గారికి శంక ఉండకూడదు.

తాతయ్య ఉగాది నాడు మొదలుపెట్టి మృగశిర కార్తె దాకా నడిపేవారు. మధ్యలో ఒక్క రోజు మూసినా, నీళ్లుంటాయని నమ్మి వచ్చినవాడు ఎండలో వెనక్కి పోతాడని ఆయన బాధ. ఆ పట్టుదల సరే, దాని వెనక ఉన్న లెక్క నీకు తెలియాలి.

రంజన్లు, అంటే నీళ్ల మట్టి కుండలు, ఇంటికి తూర్పు పక్కనే ఎందుకు పెట్టించేవారంటే, పొద్దున కాస్త ఎండ పడ్డా పన్నెండు దాటాక ఇంటి నీడే ఉంటుంది. పడమర పక్కన పెడితే 2 నుంచి 5 దాకా, సరిగ్గా జనం నోరెండి వచ్చే వేళకి, కుండ మీద నేరుగా ఎండ. గోడకి ఆనించకు. కుండ చుట్టూ గాలి ఆడితేనే పైకి ఊరిన చెమ్మ ఆరుతుంది, ఆ ఆరడంలోనే లోపలి నీళ్లు చల్లబడతాయి. అందుకే రంగులేసిన, నున్నగా మెరిసే కుండలు కొనొద్దు. అందం తప్ప చల్లదనం ఉండదు, రంగు మట్టి రంధ్రాల్ని మూసేస్తుంది. నిరుటి కుండలూ అంతే, నీళ్లలోని సున్నం పట్టి తెల్లగా పేరుకుంటుంది. వాటిని పక్షులకి, మొక్కలకి వాడుకో.

20 లీటర్లవి నాలుగు కొను. మనిషికి పావు లీటరు చొప్పున చూసుకున్నా 80 లీటర్లు 320 మందికి వస్తాయి. కొత్త కుండని ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. మొదటి రెండు నింపుళ్ల నీళ్లు మట్టి వాసన వేస్తాయి, మొక్కలకి పోసెయ్. సబ్బు మాత్రం తగలనివ్వకు, మట్టి పీల్చుకుని రోజుల తరబడి వదలదు. కొబ్బరి పీచుతో తోమితే చాలు. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెసంచి.

అందరూ తప్పు చేసేది నింపడం దగ్గర. కుండ సగమవగానే ట్యాంకు నీళ్లు పోస్తారు, అంతే, ఉన్న చల్లదనం కూడా పోతుంది. నిండు కుండ చల్లబడాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. అందుకని తాతయ్య రెండు కుండలు వాడకంలో, రెండు మూతేసి పక్కన ఉంచేవారు. రాత్రి పడుకునే ముందు నాలుగూ నింపేవారు. బోరు నీళ్లు వద్దు, జలమండలి వాళ్లు నల్లాకి వదిలే మంచినీళ్లే పట్టు, నల్లా వచ్చే రోజు డ్రమ్ము నింపి ఉంచుకో. గ్లాసు ముంచనివ్వకు, పొడుగు కాడ గరిటెతో ఒకరే పోయాలి. మూత మీద తడి గుడ్డ, వారానికోసారి పూర్తిగా వొంపి తోమి ఎండబెట్టడం తప్పనిసరి. లేకపోతే దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో పిల్ల దోమలు లేస్తాయి. పుణ్యానికి పోయి బస్తీకి డెంగీ పంచినట్టవుతుంది. బయట అమ్మే ఐసు గడ్డలు వేయకు, అవి తాగే నీళ్లతో చేసినవని నమ్మకం లేదు.

శనివారం పంచే మజ్జిగకి 5 లీటర్ల పెరుగు, 25 లీటర్ల నీళ్లు, సుమారు 125 గ్రాముల ఉప్పు. అల్లం, కరివేపాకు, నిమ్మాకు దంచి గుడ్డలో కట్టి వేస్తే గొంతుకి అడ్డం పడవు. ఒకేసారి కలిపేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పొద్దున సగం, పన్నెండుకి సగం. గిన్నె స్టీలుదే ఉండాలి, పులుపుకి ఇత్తడి, అల్యూమినియం పనికిరావు.

ఇంకోటి, ఇది ప్రాణాల మీది మాట. ఎండకి కూలబడ్డ మనిషికి తెలివి ఉండి మింగగలిగితేనే నీళ్లు పట్టాలి. లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ లేకపోయినా నోట్లో చుక్క పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. పోసే కుర్రాళ్లందరికీ తాతయ్య ఇది ముందే నేర్పేవారు. నువ్వూ నేర్పు.

శ్రీరామనవమి పానకం నైవేద్యం గనక ఈ ఏడు మీ ఇంట్లో వద్దు. గుళ్లో పూజారి గారికి సరుకు ఇస్తే అక్కడ కలిపి నివేదన చేస్తారు, పంచడానికి మన కుర్రాళ్లు వెళ్తారు. 50 లీటర్లకి 8 కిలోల బెల్లం, 150 గ్రాముల మిరియాలు, 100 గ్రాముల శొంఠి, 50 గ్రాముల యాలకులు. బెల్లంలో ఇసుక ఉంటుంది, కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టందే మిరియాలు వేయొద్దు. వడపప్పు గంటన్నర నానితే చాలు. కొబ్బరి కోరు పంచే ముందే కలపమను, ఆ ఎండకి ముందు పాడయ్యేది అదే.

తాతయ్య బీరువాలోని నీలం అట్ట పుస్తకం తీశావా? అది రక్తదాతల పుస్తకం. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టు జబ్బు, ఉన్న బిడ్డకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి వస్తే ఏడాదికి 17 యూనిట్లు. ఒక్కో మగ దాత నాలుగు సార్లే ఇవ్వగలడు, అందుకే ఒక్కో బిడ్డ పేరు కింద ఆయన కనీసం ఐదుగురిని రాసుకునేవారు. జ్వరం, ప్రయాణం, హిమోగ్లోబిన్ 12.5 కంటే తగ్గడం, ఏదో ఒకటి వస్తుంది గనక ఆరో పేరు పెన్సిల్‌తో. ఇచ్చిన తేదీ పక్కనే మళ్లీ ఇవ్వదగిన తేదీ. 65 నిండి తాను ఇవ్వడం ఆగిపోయాక కూడా ఆ ఫోన్లు ఆపలేదు. కాలేజీలకి సెలవులిచ్చి శిబిరాలు తగ్గే ఏప్రిల్, మే నెలల్లోనే రక్తానికి కటకట. ఆ పేర్లకి ఇప్పుడే ఫోన్లు చేయడం మొదలుపెట్టు. చనిపోయారని తెలియక ఆయన ఫోన్ కోసం చూసేవాళ్లు కూడా ఉంటారు.

రామకోటి సంగతి రాశావు కదా, మిగిలిపోయిందని. కోటి అంటే రోజుకి వెయ్యి చొప్పున 27 ఏళ్ల పైమాట. పేజీకి 100 నామాలైతే 200 పేజీల పుస్తకాలు 500 కావాలి. నీకూ అక్కకీ పరీక్షలున్న రోజుల్లో మీరు చదువుకునేంతసేపూ పక్కనే కూర్చుని రాసేవారు. ఆయనకి అది జపమూ అయ్యేది, మీకు తోడూ అయ్యేది. రాసినన్ని పుస్తకాలు వరస సంఖ్యలు వేసి, పొడి గుడ్డలో చుట్టి, వేపాకు వేసి ఉంచు, చెదలు త్వరగా పడతాయి. మిగతాది ఇంటిల్లిపాదీ తలా ఇన్ని పేజీలు పంచుకుని రాయండి. కోటి పూర్తయ్యాక, సంవత్సరీకం దాటాక, భద్రాచలం తీసుకెళ్లి స్వామికి సమర్పించొచ్చు.

రంజన్లు ఉగాది వారంలో కొంటే ధర ఎక్కువ, ఎంచుకోవడానికీ ఉండవు. ఈ ఆదివారమే వెళ్లు. వేలి కణుపుతో కొట్టి చూడు, ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పగులున్నట్టు. గోనెసంచులు నేను కిరాణా కొట్టులో చెప్పి ఉంచాను, ఇసుక నువ్వు చూసుకో. నానమ్మ గారికి నా నమస్కారాలు, అక్కని అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు