మాల్స్ లెక్కపెట్టి ఊరు ఎంచుకోమంటారా?

సంపాదకులకు,

పది రోజుల కిందటి మీ ఆదివారం అనుబంధంలో 'కొత్త కాపురం: బెజవాడా, గుంటూరా?' అని రెండు పేజీల కథనం వేశారు. ఈపాటికి ఎవరో ఒకరు తప్పులు ఎత్తి చూపుతారని ఆగితే, ఉత్తరాల శీర్షికలో మెచ్చుకోళ్లే వచ్చాయి. అందుకే ఈ ఆలస్యం. భర్తకు వెలగపూడి సచివాలయంలో, భార్యకు గుంటూరు పెద్దాసుపత్రిలో ఉద్యోగమని ఒక జంటను ఊహించుకున్నారు, బాగానే ఉంది. ఆ పైన మాల్స్, మల్టీప్లెక్సులు, బిర్యానీ హోటళ్లు లెక్కపెట్టి బెజవాడకు తొమ్మిది మార్కులు, గుంటూరుకు ఆరు వేశారు. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. కుళాయి నీళ్లూ లేవు, వరద నీళ్లూ లేవు.

అసలు ఊరిని ఎంచుకోవడం అన్న మాటే తప్పు. ఆఫీసు కృష్ణకు ఏ ఒడ్డున ఉందో ఇల్లూ ఆ ఒడ్డునే ఉండాలి. ఆ తర్వాత చూడాల్సింది వీధిని.

రెండు ఊళ్ల మధ్య 'అరగంట ప్రయాణం' అని రాశారు. అర్ధరాత్రి వెళ్లి చూసి ఉంటారు. దూరం 35 కిలోమీటర్లే కానీ, ఉదయం తొమ్మిదింటికి కృష్ణ మీది కనకదుర్గ వారధి, బెంజి సర్కిల్ దాటడానికి పట్టే సమయం ఆ అరగంటలో లేదు. రైలును నమ్ముకుంటే, పెదకాకాని, నంబూరు, మంగళగిరి చకచకా దాటేసిన బండి కృష్ణా కెనాల్ దగ్గర నిలబడిపోతుంది. బెజవాడలో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా ఎర్ర సిగ్నలే. సీజన్ టికెట్ చవకే, కానీ రిజర్వేషన్ లేని పెట్టెలకే పనికొస్తుంది. 'మహిళలకు బస్సు ఉచితం' అని ఒక టిక్కు కూడా పెట్టారు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే. ఉద్యోగస్తులు ఎక్కే నాన్‌స్టాప్‌కు వర్తించదు.

కారుంటే కాజ టోల్‌గేటు ఉంది. 2025లో 3,000 రూపాయలతో మొదలైన వార్షిక పాస్ తీసుకుంటే ఏడాదంతా నిశ్చింత అన్నారు. ఆ పాస్ ఏడాదికి గానీ 200 ట్రిప్పులకు గానీ, ఏది ముందైతే దానికి. రానూపోనూ రోజుకు రెండు ట్రిప్పులు. అంటే నూరు పనిదినాలు. వారానికి ఐదు రోజుల లెక్కన ఐదో నెల నిండకముందే అయిపోతుంది. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ పాస్ వేరే ఉంది. దానికి చిరునామా రుజువు కావాలి కాబట్టి ఇల్లు మారగానే ఆధార్‌లో, ఆర్సీలో మార్పించుకోవాలి. స్కూటరుకు ఏ గొడవా లేదు.

ఇక వరద. 'అద్దె అందుబాటులో ఉన్న ప్రాంతాలు' అని మీరు చూపించిన అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట 2024 సెప్టెంబరులో ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో మీ పాత సంచికలే చెబుతాయి. అద్దె ఎందుకు తక్కువో అడగాలని తోచలేదా? బుడమేరు వాగు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి, డైవర్షన్ కాలువలో ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉన్నన్నాళ్లూ ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఆ సెప్టెంబరు మొదట్లో నది పోటెత్తింది, 2వ తేదీకి ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. నదే అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లను ఎక్కడ తీసుకుంటుంది? గట్లు తెగాయి, బుడమేరు తన పాత దారి పట్టి సింగ్‌నగర్ మీద పడింది. ఏటా భయపడే కృష్ణలంక మాత్రం రక్షణ గోడ పుణ్యాన గట్టెక్కింది. వరద లేని ఎత్తులో ఉందామని కొండ పక్కకు పోయినా చూసుకోవాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్‌లో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. కొండను నిలువునా తొలిచి కట్టిన ఇంటికి వెనకవైపు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

పల్లపు ప్రాంతంలో ఇల్లు చూసేటప్పుడు గోడ రంగును నమ్మొద్దు, వరద తర్వాత అందరూ రంగులు వేయించారు. మెట్ల కింద, మీటరు బోర్డు వెనక చూడండి, బురద చార అక్కడ మిగిలిపోతుంది. మీటర్లను తల ఎత్తుకు జరిపి ఉంటే కారణం అడగండి. ద్వారబంధాల అడుగు ఉబ్బిందా, అలమరల్లో కింది చెక్క ఒక్కటే కొత్తదా, లిఫ్టు గుంటలో నీళ్లు తోడే మోటారు ఉందా? ఇవి చూడటానికి పావుగంట చాలు.

అలాగని గుంటూరును నెత్తిన పెట్టుకోమనడం లేదు. 2018 మార్చిలో ఆనందపేట వైపు కలుషిత నీటితో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అది ఎలా జరుగుతుందో వింత కాదు. నీళ్లు కాసేపే వదులుతారు. వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. కట్టేశాక ఖాళీ పైపు అదే పగుల్లోంచి బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. ఇళ్ల పైపులు మురుగుకాలువ లోంచే పోతాయి కదా, పీల్చేది ఏమిటో చెప్పనక్కర్లేదు. కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించే మహానుభావులు దీన్ని ఇంకా పెంచుతారు. ఇల్లు చూడటానికి నీళ్లొచ్చే వేళకే వెళ్లి, మొదటి బిందె వాసన చూడాలి. పైపు కాలువను దాటే చోట అతుకు ఉందేమో కనిపెట్టాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. క్లోరిన్ చూసే చిన్న పరికరం క్లోరోస్కోపులో మందు చుక్క వేస్తే నీళ్లు పసుపు తిరగాలి, తిరగకపోతే కాచి తాగడమే. బోరు నీళ్లు చాలా వీధుల్లో ఉప్పన. కుళాయి మూతి మీద తెల్లటి పెచ్చు కనిపిస్తే గీజరు సంగతి కూడా అర్థమైనట్టే. భూగర్భ డ్రైనేజీ పేరుతో తవ్వి వదిలేసిన వీధుల గురించి రాస్తే మీకు ఇంకో అనుబంధం కావాలి.

పైగా గుంటూరును రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. బ్రాడీపేట, అరండల్‌పేట ఒకవైపు, పెద్దాసుపత్రి, బస్టాండు మరోవైపు. ఆ రెంటినీ కలిపే శంకర్‌విలాస్ వంతెనను కొత్తది కడతామని 2025లో మూసి కూలగొట్టారు. అది లేవనంతకాలం దిక్కు కంకరగుంట వంతెన, లేదంటే పట్టాల కిందుగా పోయే 'మూడు వంతెనలు' దారి. గట్టి వాన పడితే మూడు వంతెనల కిందికి ఆటోవాళ్లే దిగరు.

'బెజవాడలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఎక్కువ' అన్నదీ తప్పే. కేంద్ర ఉద్యోగులకు రెండు ఊళ్లూ 'వై' తరగతివే, భత్యం ఒకటే. కానూరు, పోరంకిలను మీ కథనంలో బెజవాడలో కలిపేశారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊళ్లున్న పెనమలూరు మండలాన్ని ఎన్టీఆర్ జిల్లాలో కాక కృష్ణా జిల్లాలోనే ఉంచారు. కలెక్టరాఫీసులో పనిపడితే పోవాల్సింది బందరు (మచిలీపట్నం).

ఇవన్నీ అద్దె ఇంటి కోసం తిరిగే పిల్లలే కనుక్కోవాలా? 2024 వరద తర్వాత అధికారులు ఇంటింటికీ తిరిగారు. గ్రౌండ్ ఫ్లోర్‌కు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలని పరిహారం లెక్కగట్టారు. అంటే ఏ గడప మునిగిందో జాబితా వాళ్ల దగ్గర ఉంది. దాన్ని పటంగా గీసి వార్డు సచివాలయం గోడకు అంటించడానికి ఏమడ్డం? స్థలాల రేట్లు పడిపోతాయనా? ఏ వీధికి ఏ పూట నీళ్లో ఒక బోర్డు రాయించలేరు గానీ, ఇంటి పన్ను నోటీసు మాత్రం సందు సందూ వెతుక్కుంటూ వస్తుంది. మీ సంగతి కూడా చెప్పాలి. ఆ కథనం ఎదురు పేజీ నిండా అపార్టుమెంట్ల ప్రకటనలే. ఇంతకంటే ఏమీ అనను.

మీ ఊహా జంటకు బెజవాడ ఏ లెక్కన చూసినా పనికిరాదు. ఇద్దరి ఆఫీసులూ కృష్ణకు ఇవతలే. గుంటూరు గోరంట్లలో ఉంటే భర్త లాం, తాడికొండ, పెదపరిమి, తుళ్లూరు మీదుగా వెలగపూడి చేరతాడు, వారధీ లేదు, టోలూ లేదు. కోటేళ్లవాగు పొంగి పెదపరిమి దగ్గర రోడ్డు మునిగిన రోజు మంగళగిరి మీదుగా చుట్టు తిరగాలి. భార్యకు రాత్రి డ్యూటీలుంటే పట్టాలకు అవతల, ఆసుపత్రి వైపు కొత్తపేటలో చూసుకోవడం మేలు. ఆఫీసుకు పావుగంట ఆలస్యమైతే ఫైలు ఆగుతుంది, ఆసుపత్రిలో అలా కుదరదు. అద్దె అగ్రిమెంటు ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు. జూన్‌లో దిగితే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడొచ్చు. కొనడం ఆ తర్వాతి మాట. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం కట్టేశాక వీధి నచ్చలేదంటే వినేవాడు ఉండడు.

వచ్చే ఆదివారం 'రాజమండ్రా, కాకినాడా?' అని ప్రకటించారు. రాసేవారిని ఈసారైనా ఆగస్టులో పంపి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదకాకాని