చందా డబ్బుతో ఒక్క పుస్తకమూ కొనలేదు: మా జపనీస్ గ్రంథాల కమిటీ జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ కమిటీ తరఫున నమస్కారాలు. 2024 సెప్టెంబరు నుంచి 2025 జూన్ ఆఖరు దాకా మా చేతిమీదుగా నడిచిన డబ్బు లెక్క ఇది. కోశాధికారిని కాబట్టి రాసే పని నా మీద పడింది.

మే నెలలో బుద్ధ పూర్ణిమ భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "నేనిచ్చిన వంద డాలర్లకు ఏ సంపుటం వచ్చింది?" అని అడిగారు. ఏ సంపుటమూ రాలేదని చెప్పడానికి నోరు రాక, ఆయన విస్తట్లో ఇంకాస్త పులిహోర వడ్డించి తప్పుకున్నాను. జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ముందు, ఏం కొన్నామో. మా ఊరి విశ్వవిద్యాలయ లైబ్రరీకి 'కోకుయాకు ఇస్సాయిక్యో'లో భారతీయ రచనల విభాగం, మొత్తం 155 సంపుటాలు. చైనా భాషలో నిలిచిన బౌద్ధ గ్రంథాలకు జపనీస్ అనువాదం ఇది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు దీనితో ఏం పని అని చాలామంది అడిగారు. మన నాగార్జునుడి పేరు మీద ఉన్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రానికి సంస్కృత మూలం దొరకలేదు. 5వ శతాబ్ది తొలి ఏళ్లలో కుమారజీవుడు చేసిన చైనా అనువాదమే మనకు మిగిలింది. అది నిజంగా నాగార్జునుడి రచనేనా అన్న వాదం పండితుల్లో ఉంది, అది వేరే కథ. బెల్జియం పండితుడు ఎతియెన్ లామోత్ ఫ్రెంచిలోకి అనువదిస్తూ అయిదు సంపుటాలు తెచ్చినా, గ్రంథంలో మూడో వంతు దగ్గరే ఆగిపోయారు. జపనీస్ వచ్చినవారికి మిగతాది కూడా ఈ సంపుటాల్లో అందుతుంది. శాతవాహన రాజుకు నాగార్జునుడు రాసిన సుహృల్లేఖ అనే ఉత్తరానిదీ ఇదే గతి. మూలం పోయింది, చైనా, టిబెటన్ అనువాదాలు మిగిలాయి. 7వ శతాబ్దిలో చైనా యాత్రికుడు ఇత్సింగ్ వచ్చినప్పుడు భారతదేశంలో పిల్లలు ఆ లేఖను కంఠస్థం చేస్తున్నారని రాసుకున్నాడు. నాగార్జునకొండ చూసి వచ్చిన వాళ్లం మనలో ఎందరో ఉన్నాం. ఆ కొండకు పేరిచ్చినాయన రాసినది చదవాలంటే టోక్యో మీదుగా పోవలసి రావడం విచిత్రమే.

ఉత్తర అమెరికాలో ఇలాంటి కొనుగోళ్లకు గ్రాంటు ఇచ్చే పద్ధతి కొత్తది కాదు. 1975లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి జపాన్–అమెరికా స్నేహ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. యుద్ధానంతర సహాయానికి, ఒకినావాలోని కట్టడాలకు జపాన్ తిరిగి చెల్లించిన సొమ్ములో కొంత దానికి మూలధనమైంది. 1991లో పుట్టిన జపనీస్ గ్రంథాలయ వనరుల సమన్వయ మండలి, ఆ కమిషన్ డబ్బుతోనే ఖరీదైన బహుళ సంపుటాల కొనుగోలుకు లైబ్రరీలకు సాయం చేసింది. అరుదైనవే కొనాలి, కొన్నవాటిని ఇతర లైబ్రరీలకు అరువివ్వాలి అన్నది దాని వెనుక ఆలోచన. మేము కోరిన సెట్టు పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికే ఉంది. ఉన్నదాన్నే మళ్లీ కొనడానికి ఆ డబ్బు కాదు, సబబే. అందుకని మరో చిన్న సంస్థకు దరఖాస్తు పెట్టాం. వారి షరతులు మూడు: పుస్తకాల ధరలో 75 శాతమే ఇస్తారు, మిగిలిన పావు వంతు లైబ్రరీయే పెట్టుకోవాలి, అడిగిన లైబ్రరీకి రుసుము లేకుండా అరువివ్వాలి. రవాణాకు, మరమ్మతుకు, కేటలాగు పనికి ఒక్క సెంటు కూడా ఇవ్వరు.

చందాలు ఎటు పోయాయో మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

జమ (డాలర్లలో): గ్రాంటు 2,545.00, లైబ్రరీ వాటా 782.47, 58 కుటుంబాల చందా 2,735.00, బుద్ధ పూర్ణిమ భోజనాల టిక్కెట్లు 612.00. మొత్తం 6,674.47.

ఖర్చు:
155 సంపుటాల సెట్టు – 3,000.00
నకమురా హజిమే బౌద్ధ పదకోశం, 3 సంపుటాలు – 129.87
ప్యాకింగు, ఓడ రవాణా – 590.91
బ్యాంకు బదిలీ రుసుము – 45.00
కస్టమ్స్ ఏజెంటు – 145.00
గిడ్డంగి నుంచి లైబ్రరీకి లారీ – 180.00
బైండింగు మరమ్మతు – 308.00
కేటలాగు పని – 1,024.00
లేబుళ్లు – 62.50
తప్పు సంపుటం తిప్పి పంపిన పోస్టేజీ – 23.70
భోజనాల ఖర్చు – 218.40
గ్రాంటు సంస్థకు వాపసు – 197.60
మొత్తం 5,924.98. నిల్వ 749.49.

వాపసు ఎందుకంటే, దరఖాస్తు నాటికి డాలరుకు 142 యెన్లు. జనవరిలో డబ్బు పంపేనాటికి బ్యాంకు 154 ఇచ్చింది. సెట్టు ధర 4,62,000 యెన్లు, పదకోశం 20,000 యెన్లు. యెన్ పడిపోవడంతో డాలర్లలో ధర తగ్గింది, దానితోపాటే వారి 75 శాతమూ తగ్గింది. "మిగిలింది రవాణాకు వాడుకుందాం" అని కమిటీలో ఒకరిద్దరు అన్నారు. ఇచ్చినవాళ్లు పుస్తకాలకని ఇచ్చారు, కనుక తిప్పి పంపాం.

పదకోశం గురించి ఒక మాట. ఏళ్ల తరబడి జపాన్ పండితుడు నకమురా తయారు చేసిన రాతప్రతిని అచ్చువేయవలసినవారే పోగొట్టారు. ఆయన మళ్లీ మొదటి నుంచి ఎనిమిదేళ్లు కూర్చుని రాశారు. 1975లో అచ్చయింది. ధరలో అన్నిటికన్నా చవక, పనిలో అన్నిటికన్నా బరువైన పుస్తకం అదే.

బైండింగు పద్దు నా తప్పు. పాత పుస్తకాల కొట్టువారు రవాణా బీమాకు 9,240 యెన్లు, అంటే 60 డాలర్లు అడిగారు. ఆదా చేద్దామని వద్దన్నాను. ఆరు పెట్టెల్లో ఒకదాని మూల తడిసి వచ్చింది. 11 సంపుటాల వెన్ను ఊడింది, కాగితం అలలు తేలింది. ఒక్కో దానికి 28 డాలర్లు పెట్టి బాగు చేయించాం. అరవై మిగల్చబోయి మూడు వందల ఎనిమిది పోగొట్టాను.

తప్పు సంపుటం సంగతి నవ్వొచ్చేది. పెట్టెలు విప్పి లెక్కపెడితే 155 సరిగ్గా ఉన్నాయి. సంతకాలు చేసేశాం. వారం తరవాత చూస్తే ఒక సంపుటం రెండు ప్రతులు వచ్చింది, మరొకటి అసలు రాలేదు. లెక్కపెట్టిన నలుగురిలో ఎవరికీ జపనీస్ రాదు మరి! కొట్టువారు లేనిదాన్ని తమ ఖర్చుతో పంపారు, అదనపు ప్రతిని మన ఖర్చుతో పంపించేశాం.

ఇక 1,024 డాలర్ల పద్దు. దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. గంటకు 16 డాలర్ల చొప్పున 64 గంటలు, జపనీస్ చదువుకున్న ఒక పరిశోధక విద్యార్థి చేసిన పని. సెట్టు మొత్తాన్ని ఒకే పేరుతో ఎక్కిస్తే అరగంటలో అయిపోయేది. కానీ లోపలున్న గ్రంథాల పేర్లు ఎవరికీ కనబడవు. నాగార్జునుణ్ణి జపనీస్‌లో ర్యూజు అంటారు. ర్యూ అంటే నాగం, జు అంటే చెట్టు (అర్జునమంటే మద్దిచెట్టే కదా, అనువాదకుడు చెట్టును వదల్లేదు). ఆ పేరు తెలియనివారు కేటలాగులో నాగార్జున అని వెతికితే ఖాళీ తెర కనబడుతుంది. అందుకని ప్రతి గ్రంథానికీ జపనీస్ లిపిలో పేరు, ఉచ్చారణ ప్రకారం రోమన్ లిపిలో పేరు, సంస్కృతం పేరు విడివిడిగా ఎక్కించవలసి వచ్చింది. స్వచ్ఛందంగా చేద్దామని మేమే రెండు శనివారాలు కూర్చున్నాం. యుద్ధానికి ముందు నాటి పాత అక్షరాల దగ్గర చేతులెత్తేశాం. అప్పుడు ఎక్కించిన పద్దులన్నీ ఆ విద్యార్థి మళ్లీ దిద్దవలసి వచ్చింది, అంటే ఆ 64 గంటల్లో కొన్ని మా పుణ్యమే.

పుస్తకాల డబ్బు గ్రాంటు నుంచి, లైబ్రరీ నుంచి వచ్చింది. మీ చందాలూ భోజనాల ఆదాయమూ కలిపి 3,347 డాలర్లు. అందులో ఖర్చయిన 2,597.51 ఓడకు, లారీకి, జిగురుకు, కేటలాగుకు, పులిహోరకు పోయింది. పెద్దాయనకు నేను చెప్పలేకపోయింది ఇదే: ఆయన వంద డాలర్లకు సంపుటం రాలేదు, కానీ ఏ సంపుటం ఎక్కడుందో కనబడేది వాటివల్లే.

కమిటీకి బయటి అకౌంటెంటు ఒకరు లెక్కలు చూసిపెట్టారు. భోజనాల ఆదాయాన్ని ఖర్చు పోను 393.60 అని ఒకే పద్దుగా రాశాం. జమ జమగా, ఖర్చు ఖర్చుగా చూపాలని దిద్దించారు. మూడు కుటుంబాలు చెప్పిన 350 డాలర్లు ఇంకా రాలేదు. అవి జమలో చూపలేదు, పేర్లూ అడగవద్దు.

నిల్వను దేనికీ ముడిపెట్టలేదు, ఒక్క పోస్టేజీకి తప్ప. ఉచితంగా అరువివ్వాలన్న షరతుకు లైబ్రరీ ఒప్పుకుంది గానీ, తపాలా ఖర్చు మొదటి ఏడాది మనమే భరిస్తామని మాట ఇచ్చాం. జూన్ చివరి వారంలో మరో రాష్ట్రం లైబ్రరీ నుంచి మొదటి అభ్యర్థన వచ్చింది. మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం సంపుటాలు రెండు కావాలట. దాని బిల్లు జూలైలో వస్తుంది కాబట్టి ఈ లెక్కలో లేదు. రసీదులన్నీ లైబ్రరీ ముందు బల్ల దగ్గర నీలం ఫైలులో ఉంచాం, ఎవరైనా చూడవచ్చు.