కంట్లో పేరుకునే కొలెస్ట్రాల్ బ్లడ్ టెస్టులో కనపడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

హెల్త్ పేజీల్లో కొలెస్ట్రాల్ అనగానే గుండె బొమ్మ వేసేవాళ్ళు, ఈమధ్య కంటి జబ్బుల్ని కూడా ఆ లిస్టులో కలుపుతున్నారు. సంతోషమే, కానీ నూనె తగ్గించండి కొలెస్ట్రాల్ తగ్గుతుంది కళ్ళు బాగుంటాయి అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నారు చూడండి, అదే నచ్చట్లేదు. విషయం అంత సింపుల్‌గా లేదండీ.

వయసు మీదపడ్డాక, కంటి వెనకాల తెరలాంటి రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులాకి వచ్చే జబ్బు, డాక్టర్లు ఏఎండీ అంటారు, సూటిగా చూసే చూపుని దెబ్బతీస్తుంది. మొదట్లో రెటీనా కింద పసుప్పచ్చ చుక్కలు కనిపిస్తాయి, వాటినే డ్రూసెన్ అంటారు. వాటిల్లో కొవ్వు బాగా ఉంటుంది, కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది. అలాగని మనం తిన్నదంతా రక్తంలోంచి కారి అక్కడ చేరిందనుకోవద్దు. కంట్లో వెలుతుర్ని పట్టే కణాలు రోజూ తమ కొసల్లో దాదాపు పదో వంతు రాల్చేస్తుంటాయి, వాటి వెనకాలే ఒకే ఒక్క వరసగా ఉండే ఆర్పీఈ కణాలు ఆ రాలినదంతా మింగి అరిగించుకుని, మిగిలిన కొవ్వుని చిన్న చిన్న పొట్లాల్లా చేసి తమ కిందుండే బ్రుక్ అనే పల్చటి పొర దాటించి రక్తంలోకి పంపాలి. ఈ పని జీవితాంతం ఆగదు. వయసయ్యేకొద్దీ ఆ పొర మందమైపోయి, పూడిపోయిన మురిక్కాలవలాగా, ఏదీ అటు పోనివ్వదు, అక్కడే పేరుకుంటుంది.

అందుకే రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ టెస్ట్ నార్మల్ వచ్చింది కదా అని కంటి చెకప్ మానేస్తే కుదరదు, డ్రాప్స్ వేసి కనుపాప పెద్దది చేసి లోపల చూస్తేనే డ్రూసెన్ సంగతి తెలిసేది. ఇంకో తమాషా చెప్పనా, మంచి కొలెస్ట్రాల్ అని మనం మురిసిపోయే హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళలో ఏఎండీ రిస్క్ కాస్త ఎక్కువే కనిపించింది పెద్ద స్టడీల్లో! ఎందుకో ఇంకా తేలలేదు, దాన్ని చూసి హెచ్‌డీఎల్ తగ్గించుకోవాలని ఎవరూ చెప్పట్లేదు కూడా.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల గురించి కూడా రాయాలి. 2016లో అటోర్వాస్టాటిన్ 80 మి.గ్రా. ఇచ్చి చూసిన ఒక చిన్న స్టడీలో 23 మందిలో 10 మందికి డ్రూసెన్ బాగా తగ్గాయి, కానీ మాత్ర వేసుకోనివాళ్ళతో పోల్చి చూసిన స్టడీ కాదది. అంత మాత్రానికి కంటి కోసమని సొంతంగా మొదలెట్టేయొద్దు, గుండె కోసం డాక్టర్ రాసింది ఆపనూ వద్దు. ఏఎండీకి మన చేతిలో ఉన్నవాటిల్లో అన్నిటికంటే పెద్దది సిగరెట్ మానడం, దాన్ని మాత్రం ఎప్పుడూ చివరి లైన్లోనే వేస్తారు ఎందుకో.

రక్తంలో కొలెస్ట్రాల్‌కి కంటితో సంబంధం లేదనట్లేదు నేను. మెడలో రక్తనాళంలో పేరుకున్న కొవ్వు ముక్క ఊడి కంటి రక్తనాళంలో ఇరుక్కోవచ్చు, అప్పుడు నొప్పేమీ లేకుండా ఒక కన్ను ఉన్నట్టుండి మసకైపోతుంది, కాసేపట్లో మళ్ళీ మామూలైపోయినా సరే వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే, అది స్ట్రోక్ వచ్చే సూచన. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ముసలివాళ్ళలో మామూలే, చూపుకి ఏమీ కాదు, కానీ నలభై లోపే కనిపిస్తే మాత్రం లిపిడ్ టెస్ట్ చేయించుకోవాలి.

చివరగా ఒక రిక్వెస్ట్. ఈసారి హెల్త్ పేజీలో సూపర్ ఫుడ్ ఫొటో బదులు, చూపులో తేడా ఇంట్లోనే పట్టుకునే గళ్ళ బొమ్మ ఆమ్స్లర్ గ్రిడ్ వేయండి, దాని అసలు సైజులోనే, 10 సెంటీమీటర్ల చదరం, 5 మిల్లీమీటర్ల గళ్ళు, మధ్యలో ఒక చుక్క. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి చుక్కనే చూడాలి, తర్వాత రెండో కన్నుతో. గీతలు వంకరగా కనిపించినా, ఎక్కడైనా గళ్ళు మాయమైనా ఆలస్యం చెయ్యకుండా రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళమని కింద ఒక లైను రాయండి చాలు.

ఇట్లు
మీ పాఠకుడు