నా నొప్పిని నమ్మినందుకు

మేడమ్, పోయిన ఆదివారంతో నొప్పితో నెగ్గుకురావడం నేర్పిన మన ఎనిమిది వారాల ఆన్‌లైన్ తరగతులు ముగిశాయి. చివరి రోజు అందరూ మాట్లాడుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నా జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్ అని తెలిసేసరికి నొప్పి మొదలై తొమ్మిదేళ్లు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవారిలో సుమారు 10 శాతం మందికి ఉంది. అయినా నేను విన్నది "పెళ్లయితే తగ్గుతుంది", ఆ తర్వాత "ఒక కాన్పయితే సర్దుకుంటుంది". పెళ్లయింది, బాబు పుట్టాడు, నొప్పి ఉండనే ఉంది. లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) తర్వాత కూడా తిరగబెడితే, డాక్టర్లు సైకాలజిస్టును కలవమన్న రోజున ఏడ్చాను. చివరికి అంతా నా భ్రమ అని తేల్చేశారనుకున్నాను.

అలా మీ దగ్గరికి వస్తే, మీరు నోరు తెరిచి అన్న మొదటి మాట, "మీ నొప్పి నిజం." ఏళ్ల తరబడి నొప్పి పడ్డ నరాలు చిన్నదానికే ఉలిక్కిపడతాయనీ, భయంతో ఒళ్లు బిగిస్తే బాధ ఇంకా పెరుగుతుందనీ చెప్పారు. ఈ సాధన జబ్బును తీసేయదు, మందులు మానవద్దు అని కూడా అన్నారు. లేనిపోని ఆశ పెట్టలేదు కాబట్టే మిమ్మల్ని నమ్మాను.

నొప్పి లేని రోజున వారం పనంతా నెత్తినేసుకుని, మర్నాటి నుంచి మంచం పట్టేదాన్ని. ఇప్పుడు ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుంటాను. మోగగానే, గిన్నెలు సగంలో ఉన్నా చేతులు తుడుచుకుని కూర్చుంటాను. మొదట్లో అదెంత తప్పుగా అనిపించేదో!

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి లేపింది. అలవాటుగా పళ్లు బిగపట్టబోయి, పొట్ట మీద చేయి పెట్టి, దవడ వదులు చేసి, ఆ చేయి పైకి లేచేలా ఊపిరి తీసుకున్నాను. నొప్పి పోలేదు. "ఈ రోజు ఇక అయిపోయినట్టే" అనే దిగులు మాత్రం రాలేదు. మాత్ర వేసుకుని, వేడినీళ్ల సంచి పెట్టుకుని మళ్లీ నిద్రపోయాను.

కూర్చోలేని రోజున "పడుకునే వినండి అక్కా" అన్న గుంటూరు చెల్లికీ, డల్లాస్ నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా వచ్చిన అక్కకూ నా కృతజ్ఞతలు. తరగతి జరిగినంతసేపూ బాబును చూసుకున్న మా అత్తయ్యగారికి కూడా. ఆవిడ తలుపు దగ్గర నిలబడి తానూ వినేవారట. నిన్న అలారం మోగినా నేను పట్టించుకోకపోతే, నా చేతిలోని గిన్నె మెల్లగా తీసుకున్నారు.