పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి గంబూట్ల విషయమై బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పశుసంవర్ధక, పాడి అభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కరించి,

దేవరకొండ ప్రాంతంలో పశువైద్య సహాయకుడిగా పనిచేసి విరమణ పొంది, ఇప్పుడు ఇంటి దగ్గర బర్రెలు పెంచుకుంటున్న నేను ఒక విన్నపం చేసుకుంటున్నాను. పశువైద్య సిబ్బందికి, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు, పాల సంఘాల రైతులకు శాఖ తరఫున గంబూట్లు ఇప్పించండి. వాటిని కొనే టెండరు పత్రంలో ఏ రకం రబ్బరు, ఎలాంటి అడుగుభాగం, ఏ సైజులు కావాలో స్పష్టంగా రాయించండి. ఉత్త ‘గంబూట్లు’ అని రాసి ధరలు అడిగితే వచ్చేది పలుచని సరుకే.

బర్రె ఈసుకుపోయినప్పుడు, అంటే గర్భస్రావం అయినప్పుడు, మాయ తీసే మనిషి ఆ స్రావాల మధ్యనే నిలబడతాడు, మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్ క్రిములు ఉండేదీ వాటిలోనే. ఎలుక జ్వరం క్రిములు పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీటిలో ఉండి, పగిలిన మడమల నుంచి, వేళ్ల సందుల్లోని పుండ్ల నుంచి ఒంట్లోకి చేరతాయి. గాలికుంటు మనుషుల జోలికి పెద్దగా రాకపోయినా, చికిత్సకు వెళ్లినవారి పాదరక్షలకు అంటుకుని ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పోతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బ్రూసెల్లోసిస్, గాలికుంటు వ్యాధులకు టీకాలు వేస్తూ ఊరూరా తిరిగేది ఈ సిబ్బందే కదా!

మామూలు పీవీసీ బూటు చవక, కొత్తలో చుక్క నీరు లోపలికి రానివ్వదు. కానీ పేడ, పాల కొవ్వు, క్రిమిసంహారక మందులు తగిలి తగిలి గట్టిపడి, వేళ్ల దగ్గర మడత పడేచోట చీలుతుంది. సహజ రబ్బరు కాలికి మెత్తగా ఉంటుంది గానీ కొవ్వు, నూనె తగిలితే ఉబ్బుతుంది. అందుకే కొట్టం పనికీ పాల కేంద్రాలకూ కొవ్వు, నూనెలను తట్టుకునే నైట్రైల్ రబ్బరు కలిపినవి కొనడం మేలు. రోజంతా ఊళ్లు తిరిగే గోపాలమిత్రకు, ధర ఎక్కువైనా, తేలికగా ఉండే పాలియురేథేన్ నప్పుతుంది. ట్రెవిస్ (చికిత్సకు పశువును కదలకుండా నిలిపే చట్రం) దగ్గర పెద్ద పశువులను పట్టేవారికి మాత్రం ముందు భాగంలో ఉక్కు కవచం ఉండి తీరాలి. ముర్రా బర్రె కాలు తొక్కితే ఏమవుతుందో పట్టినవారికే తెలుసు.

బూటు అడుగున గాడులు లోతుగానే కాదు, వెడల్పుగా కూడా ఉండాలి. ఇరుకు గాడుల్లో పేడ మిగిలిపోతే బ్లీచింగ్ నీళ్లలో ఎంతసేపు నిలబడినా మందు శక్తి ఆ పేడకే ఖర్చవుతుంది. కాబట్టి బూట్లతో పాటు గట్టి బ్రష్షు ఒకటి ఇవ్వడం తప్పనిసరి.

మహబూబ్‌నగర్, నల్గొండ ఎండల్లో చలిదేశాలకు చేసిన మందపాటి లైనింగ్ బూట్లు కాళ్లను ఉడకబెడతాయి. లోపలి అట్ట బయటికి తీసి ఉతికి ఆరేసుకునేలా ఉండాలి, మనిషికి రెండు జతలు ఇస్తే ఒకటి ఆరే లోపు రెండోది తొడుక్కోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది సైజు. మా ఊళ్లలో పేడ తీసేది, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లే. అంగడిలో దొరికేవి మాత్రం దాదాపు అన్నీ మగవాళ్ల కాళ్లకు సరిపోయేవే. వదులు బూటు బురదలో కాలిని వదిలేస్తుంది, మనిషి పడిపోతుంది. మూడు, నాలుగు నంబర్లు కూడా టెండరులో చేర్చండి. చీర కట్టుకుని పనిచేసేవారికి మోకాలి దాకా వచ్చే బూటు కంటే పిక్క సగం దాకా వచ్చేదే అనువు.

కొనుగోలుకు ముందు నమూనా జతలను మా రెండు జిల్లాల్లో కొందరు పాడి మహిళలకు, గోపాలమిత్రలకు ఇచ్చి ఒక వానాకాలమంతా వాడించి, వారు చెప్పినదాన్ని టెండరు షరతుల్లో చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత పశువైద్య సహాయకుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా