ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. అక్షరాలు పెద్దగా కనిపించాలంటే ఏం చేయాలని నిన్న గ్రూపులో ముగ్గురు అడిగారు కాబట్టి ఒకేచోట రాస్తున్నా.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ (అంటే బొమ్మని ఎన్ని చుక్కలతో చూపాలనే లెక్క) తగ్గించకండి. తెరలో ఉండే చుక్కల సంఖ్య తయారీలోనే ఖాయమైపోతుంది. 1920 × 1080 తెరకి 1366 × 768 ఇస్తే అక్షరం పెద్దదవుతుంది గానీ అలుక్కుపోయినట్టుంటుంది. మా నాన్నగారు ఆరు నెలలు అలాగే చదివి, కళ్లజోడు నంబరు మారిందేమో అనుకున్నారు!

రిజల్యూషన్ దగ్గర ‘రికమండెడ్’ అని ఉన్నదే ఉంచండి. మార్చాల్సింది దానిపైన ఉండే ‘స్కేల్’, అంటే తెర మీద అన్నీ ఎంత పెద్దగా కనిపించాలో చెప్పేది. విండోస్ 11లో డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే దొరుకుతుంది. నా లెక్కలో 125 శాతం చాలు. 150 పెడితే కొన్ని పాత ప్రోగ్రాముల్లో కింది బటన్లు తెర దాటిపోతాయి. అక్షరాలు మాత్రమే పెరగాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ సైజ్. 225 శాతం దాకా జరపొచ్చు, అప్లై నొక్కడం మరవొద్దు.

ఒక్క వెబ్‌సైటుతోనే ఇబ్బందైతే ఇవేవీ అక్కర్లేదు, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కండి. కంట్రోల్, సున్నా కొడితే మళ్లీ మామూలే.

పొరపాటున రిజల్యూషన్ మారి తెర నల్లబడితే కంగారుపడకండి. ఏమీ ముట్టుకోకుండా ఓ పావు నిమిషం ఆగితే పాతదే తిరిగొస్తుంది.